కటాఫ్ ఎంత పెట్టాలి? హీమోగ్లోబిన్‌లో రెసిడ్యూల కాంటాక్టులు లెక్కపెట్టే ముందు చూసుకోవలసినవి

గుంటూరులో ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థిని ఒకరు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్‌కు 2హెచ్‌హెచ్‌బీ, ఆక్సిజన్ పట్టిన హీమోగ్లోబిన్‌కు 1హెచ్‌హెచ్‌ఓ అనే ఫైళ్లను ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంకు (పీడీబీ) నుంచి దించుకుని, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాసి, ఏయే అమైనో ఆమ్ల రెసిడ్యూలు (అంటే ప్రోటీన్ గొలుసులో కూర్చిన అమైనో ఆమ్లాలు) ఒకదానికొకటి తగులుతున్నాయో లెక్కపెట్టారు. ఆల్ఫా కార్బన్ల (ఒక్కో రెసిడ్యూలోని నడిమి కార్బన్ల) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) హద్దుగా పెడితే ఒక జాబితా వచ్చింది. ఏ రెండు పరమాణువుల మధ్యనైనా 4 ఆంగ్‌స్ట్రామ్‌లు అంటే ఇంకొకటి, 5 అంటే మరొకటి వచ్చాయి. పైగా రెండో ఫైలులో కాంటాక్టులు సగానికి సగం పడిపోయాయి. కటాఫ్, అంటే ఈ హద్దు, తప్పు పెట్టారని, సరైనది కనుక్కుని రమ్మని గైడు గారు అన్నారట. సరైన కటాఫ్ ఏది అన్నది ఆమె ప్రశ్న. ఇక జవాబు ఆమెకే.

విజయవాడలో పీజీ విద్యార్థుల చేత ఇటువంటి ప్రాజెక్టులు చేయిస్తూ చాలా ఏళ్లు గడిపినవాడిగా ఒక విషయం ముందే చెబుతాను. మీ లెక్క సగానికి పడిపోవడానికి కటాఫ్‌కు ఏ సంబంధమూ లేదు. 4 పెట్టినా, 8 పెట్టినా, 12 పెట్టినా అది సగమే ఉంటుంది. ఎందుకంటే 1హెచ్‌హెచ్‌ఓ ఫైలులో ఉన్నది సగం హీమోగ్లోబినే.

హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయని మీకు తెలుసు. 2హెచ్‌హెచ్‌బీలో ఆ నాలుగూ విడివిడిగా ఎ, బి, సి, డి అన్న పేర్లతో ఉన్నాయి. 1హెచ్‌హెచ్‌ఓలో మాత్రం ఒక ఆల్ఫా, ఒక బీటా మాత్రమే ఉన్నాయి. స్ఫటికంలో రెండో జంట మొదటి జంటకు అచ్చమైన సౌష్ఠవ ప్రతిరూపం కావడం వల్ల దాన్ని మళ్లీ రాయనవసరం లేదని, ఎలా తిప్పితే రెండో జంట వస్తుందో ఫైలులో సూచించి వదిలేస్తారు. అంటే స్ఫటికంలో పునరావృతమయ్యే కనీస భాగం ఒకటి, శరీరంలో పనిచేసే పూర్తి అణువు ఇంకొకటి. ఆక్సిజన్ పట్టినప్పుడు ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంటతో పోలిస్తే సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. మీ ప్రాజెక్టు అంతా ఆ రెండు జంటల మధ్య సరిహద్దు గురించే, కానీ మీరు తీసుకున్న రెండో ఫైలులో ఆ సరిహద్దే లేదు. డేటా బ్యాంకు పేజీలోనే 'బయలాజికల్ అసెంబ్లీ' పేరుతో పూర్తి అణువు ఫైలు దొరుకుతుంది, దానిని దించుకోండి.

అక్కడ కూడా ఒక మెలిక ఉంది. పాత పీడీబీ పద్ధతిలో రాసిన అసెంబ్లీ ఫైలులో రెండో జంటను 'మోడల్ 2' అని వేరుగా పెడతారు, గొలుసుల పేర్లు మళ్లీ ఎ, బి అనే ఉంటాయి. బయోపైథాన్ అనే పైథాన్ లైబ్రరీతో చదివి, అలవాటుకొద్దీ సున్నా నంబరు మోడల్ తీసుకుంటే మళ్లీ సగమే చేతికొస్తుంది. ఎంఎంసిఫ్ అనే కొత్త పద్ధతిలోని అసెంబ్లీ ఫైలు తీసుకుంటే రెండో జంట గొలుసులకు వేరే పేర్లు ఉంటాయి కనుక ఈ చిక్కు రాదు. ఏది తీసుకున్నా, లెక్క మొదలుపెట్టే ముందు గొలుసులు ఎన్ని, ఒక్కోదానిలో రెసిడ్యూలు ఎన్ని అని ప్రోగ్రాము చేత ఒకసారి ముద్రింపించుకోండి. ఆల్ఫాకు 141, బీటాకు 146, మొత్తం 574 రావాలి. ఆ సంఖ్య రాకపోతే మిగతా లెక్కంతా వృథా.

ఫైలు గురించి ఇంకో మూడు మాటలు. మీ ప్రోగ్రాము పీడీబీ వరుసలను ఖాళీల దగ్గర విరిచి చదువుతున్నదేమో చూసుకోండి. ఆ ఫైలులో ఒక్కో పరమాణువుకు ఒక్కో వరుస ఉంటుంది, అందులో ఏ అంకె ఎక్కడ ఉండాలో స్థానాన్ని బట్టి నిర్ణయమై ఉంటుంది. 31 నుంచి 38వ అక్షరం దాకా ఎక్స్, 39 నుంచి 46 దాకా వై, 47 నుంచి 54 దాకా జెడ్. మైనస్ గుర్తుతో పెద్ద అంకె వచ్చిన చోట పక్కపక్క నిలువు వరుసలు అంటుకుపోతాయి. ఖాళీలను నమ్ముకున్న ప్రోగ్రాము అక్కడ ఆగిపోతే అదృష్టమే, ఆగకుండా తప్పు అంకె చదివితే మాత్రం ఎవరూ పట్టుకోలేరు. రెండోది, 17వ స్థానంలో ఎ అనో బి అనో అక్షరం ఉంటే ఆ పరమాణువు స్ఫటికంలో రెండు భంగిమల్లో కనిపించిందని అర్థం. రెండింటినీ కలిపి లెక్కిస్తే ఒకే సైడ్ చైన్ (రెసిడ్యూ నుంచి పక్కకు చాచిన కొమ్మ) రెండు చోట్ల ఉన్నట్టు లేని కాంటాక్టులు పుడతాయి. మూడోది, హీమ్, అంటే ఇనుము ఉండే, ఆక్సిజన్ వచ్చి అతుక్కునే భాగం. అది అమైనో ఆమ్లం కాదు కనుక ఫైలులో 'హెట్ఆటమ్' వరుసల్లో ఉంటుంది, చాలామంది నీటితో పాటు దాన్ని కూడా తీసిపారేస్తారు. ఆక్సిజన్ పట్టగానే మొదట కదిలేది హీమ్‌లోని ఇనుము, దానితో కట్టుకుని ఉన్న హిస్టిడిన్, అంటే ఆల్ఫాలో 87, బీటాలో 92. హీమ్‌ను వదిలేసి హీమోగ్లోబిన్ కాంటాక్టులు చెప్పడం పెళ్లికొడుకు లేకుండా ఊరేగింపు తీసినట్టు ఉంటుంది.

ఇక మీరు అసలు అడిగిన కటాఫ్ సంగతి.

కాంటాక్ట్ అన్నది ఫైలులో రాసి ఉండదు. ఫైలులో ఉన్నవి పరమాణువుల స్థానాలు. ఏ రెండు రెసిడ్యూలను 'తగులుతున్నాయి' అనాలో మనం పెట్టుకునే నిర్వచనం, ఆ నిర్వచనం మన ప్రశ్నను బట్టి మారుతుంది. మీ గుంటూరు బ్రాడీపేటలో నాలుగో లైనులో ఒక ఇల్లు, ఐదో లైనులో ఒక ఇల్లు ఉన్నాయనుకోండి. రెండింటి పెరటి గోడ ఒకటే. చిరునామా చూస్తే లైను వేరు, వీధి గుమ్మం నుంచి వీధి గుమ్మానికి నడిస్తే ఒక చుట్టు తిరిగి రావాలి, కానీ ఈ ఇంట్లో తిరగమోత వేస్తే ఆ ఇంట్లో తుమ్ములొస్తాయి. వీళ్లు ఇరుగుపొరుగేనా? గుమ్మాల దూరం కొలిచేవాడు కాదంటాడు, గోడలు కొలిచేవాడు అవునంటాడు. ఇద్దరి లెక్కా తప్పు కాదు.

ఆల్ఫా కార్బన్ల దూరం కొలవడం గుమ్మాల దూరం కొలవడం వంటిది. ప్రోటీన్ గొలుసు వెన్నెముక ఎలా మడతపడిందో తెలుసుకోవడానికి అది చాలు, 7 లేదా 8 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టడం వాడుక. కానీ సైడ్ చైన్ ఎటు తిరిగి ఉందో ఈ కొలతకు తెలియదు. ఆర్జినిన్ వంటి పొడవాటి సైడ్ చైన్ దూరంగా చేయి చాచి ఆస్పార్టిక్ ఆమ్లాన్ని పట్టుకున్నప్పుడు, ఆ రెండింటి ఆల్ఫా కార్బన్లు 8 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటి ఉండటం మామూలే, అప్పుడు ఆ జంట మీ జాబితాలోకే రాదు. అటు పక్కపక్కనే ఉన్న రెండు రెసిడ్యూలు వీపులు తిప్పుకుని ఉన్నా జాబితాలోకి ఎక్కుతాయి. సైడ్ చైన్‌లో మొదటిదైన బీటా కార్బన్ తీసుకుంటే సైడ్ చైన్ దిక్కు కొంతవరకు తెలుస్తుంది. నిర్మాణాలను ఊహించే పద్ధతులను పరీక్షించే కాస్ప్ పోటీలలో బీటా కార్బన్ల మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లే హద్దు, గ్లైసిన్‌కు బీటా కార్బన్ ఉండదు కనుక దానికి ఆల్ఫా కార్బన్ తీసుకుంటారు. మూడోది గోడల కొలత: రెండు రెసిడ్యూలలోని హైడ్రోజన్ కాని పరమాణువులన్నింటిలో ఏ రెండు అతి దగ్గరగా ఉన్నాయో చూసి, ఆ దూరం 4.5 లేదా 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్ట్ అనడం.

ఈ 4.5 ఎక్కడి నుంచి ఊడిపడింది అని అడగాలి, అడిగేవాళ్లు తక్కువ. కార్బన్ పరమాణువు వాన్ డర్ వాల్స్ వ్యాసార్థం, అంటే బంధం లేని పొరుగు పరమాణువుకు అది వదిలే చోటు, సుమారు 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండు కార్బన్లు ఒరుసుకుంటే వాటి కేంద్రాల మధ్య 3.4 ఉంటుంది, ప్రోటీన్ లోపల అవి 3.5 నుంచి 4 మధ్య హాయిగా సర్దుకుంటాయి. నీటి అణువు వ్యాసం సుమారు 2.8. రెండు కార్బన్ల నడుమ నీరు దూరాలంటే కేంద్రాల మధ్య 6.2 ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు కావాలి. కాబట్టి 4.5 అంటే మధ్యలో నీరు దూరే ప్రసక్తి లేనంత దగ్గర, స్థానాల్లో ఉండే చిన్న పొరపాట్లను కూడా కలుపుకున్న హద్దు అన్నమాట. 4 పెడితే నిర్మాణంలో పావు ఆంగ్‌స్ట్రామ్ పొరపాటు ఉన్నా నిజమైన కాంటాక్టులు జారిపోతాయి. 5 పెడితే అంచున ఉన్నవి చేరతాయి. మీ రెండు జాబితాలకు పొంతన లేకపోవడానికి కారణం ఇదే, అందులో మీ తప్పేమీ లేదు.

ఇంకా, మీ జాబితాలో వరుసలో పక్కపక్కన ఉన్న రెసిడ్యూలను తీసేశారా? గొలుసులో ఒకదాని తరువాత ఒకటి వచ్చే రెండు ఆల్ఫా కార్బన్లు సాధారణంగా 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే ఉంటాయి, అవి ఎప్పుడూ తగులుతూనే ఉంటాయి కనుక వాటిని లెక్కపెట్టడం వల్ల తెలిసేది ఏమీ లేదు. ఆల్ఫా హెలిక్స్‌లో (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగంలో) మెట్టుకు 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల చొప్పున ఎక్కుతూ, చుట్టుకు 3.6 రెసిడ్యూలు ఉంటాయి. నాలుగు రెసిడ్యూల అవతల ఉన్న ఆల్ఫా కార్బన్ సుమారు 6.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే ఉంటుంది. అందువల్ల 8 హద్దుగా పెడితే హెలిక్స్‌లోని ప్రతి రెసిడ్యూ తనకు ముందున్న నాలుగింటితోనూ, వెనకున్న నాలుగింటితోనూ 'కాంటాక్ట్' అయిపోతుంది. హీమోగ్లోబిన్ దాదాపు అంతా హెలిక్సులే. మీ 8 ఆంగ్‌స్ట్రామ్‌ల జాబితాలో అధిక భాగం ఈ ఇంటిగుట్టు జంటలే అయి ఉంటాయి, అసలు విషయం వాటి కింద పూడిపోయింది. ఒకే గొలుసులో కనీసం నాలుగు రెసిడ్యూల ఎడం దాటిన జంటలనే తీసుకోండి, గొలుసుల మధ్య కాంటాక్టులకు ఈ నియమం వర్తించదు. ఎడం ఎంత పెట్టాలన్నది కూడా ప్రశ్నను బట్టే. ప్రోటీన్లు ఎంత వేగంగా మడతపడతాయో నిర్మాణాన్ని బట్టి అంచనా వేయడానికి గ్రోమిహా, సెల్వరాజ్ 2001లో ప్రతిపాదించిన లాంగ్ రేంజ్ ఆర్డర్‌లో 12 రెసిడ్యూలకు మించిన ఎడం ఉన్న జంటలనే లెక్కిస్తారు. 1998లో ప్లాక్స్‌కో, సైమన్స్, బేకర్ చెప్పిన కాంటాక్ట్ ఆర్డర్ అయితే సగటున ఎంత ఎడంలోని రెసిడ్యూలు తగులుతున్నాయో చూస్తుంది. ఇవి మీ ప్రాజెక్టుకు అక్కర్లేదు, వైవాలో అడిగితే చెప్పడానికి పనికొస్తాయి.

మీ ప్రశ్న రెండు రూపాల మధ్య ఏది తెగింది, ఏది కలిసింది అన్నది. దానికి అన్నింటినీ ఒకే కొలతతో తూచడం కన్నా, బంధం రకాన్ని బట్టి వేరువేరు కొలతలు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. సాల్ట్ బ్రిడ్జ్‌కు, అంటే వ్యతిరేక విద్యుదావేశాలు ఉన్న గుంపుల మధ్య పట్టుకు, ఆస్పార్టిక్ లేదా గ్లూటమిక్ ఆమ్లపు ఆక్సిజన్‌కూ, లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్‌ల నైట్రోజన్‌కూ మధ్య 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. హైడ్రోజన్ బంధానికి ఇచ్చే పరమాణువుకూ పుచ్చుకునే పరమాణువుకూ మధ్య 3.5 లోపు, దానితో పాటు కోణం కూడా సరిపోవాలి. మిగిలిన ఒరిపిడికి 4.5 చాలు.

ఒక జంటను దగ్గరగా చూద్దాం. బీటా గొలుసు చిట్టచివరన 146వ స్థానంలో హిస్టిడిన్ ఉంది. ఆక్సిజన్ లేని రూపంలో దాని ఉంగరంలోని నైట్రోజన్ అదే గొలుసులోని 94వ ఆస్పార్టిక్ ఆమ్లంతో సాల్ట్ బ్రిడ్జ్ కడుతుంది. దాని చివరనున్న కార్బాక్సిల్ గుంపు అవతలి జంటలోని ఆల్ఫా గొలుసు 40వ లైసిన్‌ను పట్టుకుంటుంది. ఆక్సిజన్ పట్టగానే ఈ రెండు పట్లూ వదిలిపోతాయి, గొలుసు చివర కట్టు తెగినట్టు కదులుతుంది. రక్తం ఆమ్లత్వం పెరిగినప్పుడు హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేసే బోర్ ప్రభావంలో ఈ హిస్టిడిన్‌ది పెద్ద వాటా. ఇంత ముఖ్యమైన మార్పు మీ 8 ఆంగ్‌స్ట్రామ్‌ల జాబితాలో కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఇక్కడ కలిసేవి సైడ్ చైన్ కొసలు, గొలుసు కొస.

దూరం లెక్క మీరే ఒకసారి కాగితం మీద చేసి చూడండి. ఒక నైట్రోజన్ (10, 12, 5) దగ్గర, ఒక ఆక్సిజన్ (12, 13, 7) దగ్గర ఉన్నాయనుకుంటే తేడాలు 2, 1, 2. వాటి వర్గాల మొత్తం 9, వర్గమూలం 3. దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌లు. ప్రోగ్రాము చేసేదీ ఇంతే, కాకపోతే హీమోగ్లోబిన్‌లోని 4,384 ప్రోటీన్ పరమాణువులకు జంటలన్నీ చూస్తే 96 లక్షలు దాటుతాయి. రెండు లూపులు రాసి కూర్చుంటే మీ ల్యాప్‌టాప్ ఫ్యాను వేసవి కూలరులా మోగుతుంది. బయోపైథాన్‌లోని నైబర్‌సెర్చ్ పరమాణువులను స్థానం ప్రకారం ముందే సర్ది పెట్టుకుని, దగ్గరవాటినే వెతుకుతుంది కనుక క్షణాల్లో తేలిపోతుంది. మీకు నచ్చిన నాలుగు జంటలను నిర్మాణాలను బొమ్మగా చూపించే ఖైమెరాఎక్స్‌లోనో పైమాల్‌లోనో తెరిచి, కొలత గీత గీసి, ప్రోగ్రాము ఇచ్చిన దూరంతో పోల్చండి. ఈ పని చేయకుండా వచ్చిన పట్టికను నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతుంటాను.

ఎక్స్-రే నిర్మాణాల్లో సాధారణంగా హైడ్రోజన్లు కనిపించవు. నైట్రోజన్‌కూ ఆక్సిజన్‌కూ ఎలక్ట్రాన్ల తేడా ఒక్కటే కావడం వల్ల ఆస్పరజిన్, గ్లూటమిన్‌ల కొసల్లో ఏది నైట్రోజనో ఏది ఆక్సిజనో తారుమారుగా రాసి ఉండే అవకాశం ఉంది, హిస్టిడిన్ ఉంగరానిదీ ఇదే పరిస్థితి. 'రెడ్యూస్' అనే ప్రోగ్రాము హైడ్రోజన్లు చేర్చి, చుట్టూ ఉన్నవాటిని బట్టి ఈ కొసలను తిప్పి సరిచేస్తుంది. నిర్మాణాల నాణ్యతను పరీక్షించే మోల్‌ప్రాబిటీలో అది భాగంగానే ఉంటుంది. హైడ్రోజన్ బంధాల జాబితా తయారు చేసేవారు ఈ మెట్టును వదిలేయకూడదు.

ఇప్పుడు రెండు జాబితాలను పోల్చడం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక రూపంలో దూరం 3.9, రెండో రూపంలో 4.1 ఉంటే, హద్దు 4 పెట్టిన ప్రోగ్రాము 'బంధం తెగింది' అని రాస్తుంది. కదిలింది ఆంగ్‌స్ట్రామ్‌లో ఐదో వంతు, అంత మాత్రం పొరపాటు నిర్మాణంలోనే ఉండవచ్చు. 2హెచ్‌హెచ్‌బీ రిజల్యూషన్ (నిర్మాణం ఎంత సూక్ష్మంగా కనిపించిందన్న కొలత, తక్కువైతే మెరుగు) 1.74 ఆంగ్‌స్ట్రామ్‌లు, 1హెచ్‌హెచ్‌ఓది 2.1. రెండూ మంచివే, అయినా కదిలే సైడ్ చైన్ల స్థానాలు వాటిలోనూ అంత గట్టివి కావు. అందుకని నేను రెండు హద్దులు పెట్టిస్తాను. 4 లోపు ఉంటే కలిసినట్టు, 5.5 దాటితే తెగినట్టు, మధ్యలోవాటిని తేలనివిగా పక్కన పెట్టి కంటితో చూడటం. 'తెగింది' అని రాసిన ప్రతి జంటకూ రెండు దూరాలూ పక్కపక్కన ఇవ్వండి. 3.0 నుంచి 9కి వెళ్లిన జంటకూ 3.9 నుంచి 4.1కి వెళ్లిన జంటకూ తేడా చదివేవాళ్లకే తెలిసిపోతుంది.

ఇంకో కిటుకు చెబుతాను, ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. 2హెచ్‌హెచ్‌బీలో నాలుగు గొలుసులూ విడివిడిగా ఉన్నాయి కదా, అంటే ప్రతి సరిహద్దు కాంటాక్టుకూ రెండు నకళ్లు ఉన్నట్టే. మొదటి ఆల్ఫాకూ రెండో బీటాకూ మధ్య ఉన్న దూరాన్ని, రెండో ఆల్ఫాకూ మొదటి బీటాకూ మధ్య ఉన్న అదే దూరంతో పోల్చండి. సిద్ధాంతం ప్రకారం రెండూ సమానం కావాలి, నిజానికి కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడా ఎంతో అదే మీ కొలతలోని గోల, అంటే నాయిస్. ఆక్సీ (ఆక్సిజన్ పట్టిన), డీఆక్సీ (ఆక్సిజన్ లేని) రూపాల మధ్య మీరు చూపించే మార్పు దానికి ఎన్నో రెట్లు ఉంటేనే దాన్ని మార్పుగా రాయండి. 1హెచ్‌హెచ్‌ఓలో ఈ వీలు లేదు, అక్కడ రెండో జంట మొదటిదాని నకలే. బీ-ఫ్యాక్టర్‌ను కూడా పక్కన ఒక నిలువు వరుసగా పెట్టండి. 146వ హిస్టిడిన్ వంటి చివరి రెసిడ్యూల విషయంలో, ఎంత ఎక్కువగా కదులుతున్నాయో అది చెబుతుంది.

కాంటాక్టుల సంఖ్యను బలానికి కొలతగా వాడాలనుకుంటే జాగ్రత్త. ట్రిప్టోఫాన్‌కు పరమాణువులు ఎక్కువ, దానికి కాంటాక్టులు ఎక్కువ రావడంలో వింత లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో సరస్వతి విశ్వేశ్వర బృందం రెండు సైడ్ చైన్ల మధ్య 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న పరమాణు జంటల సంఖ్యను, ఆ రెండు రెసిడ్యూలకూ వేరువేరుగా నిర్ణయించిన ప్రామాణిక విలువల లబ్ధపు వర్గమూలంతో భాగించి, వందతో హెచ్చించే పద్ధతిని ప్రవేశపెట్టింది. రెసిడ్యూలను బిందువులుగా, కాంటాక్టులను గీతలుగా గీసి నెట్‌వర్క్ విశ్లేషణ చేయాలంటే ఈ దారిలో వెళ్లడం మేలు. మీకు ఉన్న రెండు నెలల గడువులో దాని జోలికి పోవద్దని నా సలహా.

సిమ్యులేషన్ కూడా చేస్తారా అని మీ గైడు గారు అడిగారన్నారు కనుక, నా సొంత తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న ప్రోటీన్ మాలిక్యులర్ డైనమిక్స్ పరుగును (పరమాణువుల కదలికలను కంప్యూటరులో అనుకరించడాన్ని) ఎండీట్రాజ్ అనే పైథాన్ లైబ్రరీతో విశ్లేషిస్తూ కటాఫ్ 4.5 అని పెట్టాను. జంటలన్నీ నూటికి నూరు శాతం ఫ్రేముల్లో తగులుతున్నట్టు వచ్చింది. ఎంత స్థిరమైన ప్రోటీనో అని మురిసిపోయి వారం రోజుల పాటు దాని మీద పేరాలు రాశాను. ఎండీట్రాజ్ దూరాలను నానోమీటర్లలో ఇస్తుంది. నేను పెట్టింది 45 ఆంగ్‌స్ట్రామ్‌ల హద్దు, ఆ ప్రోటీన్ మొత్తం అందులో పట్టేస్తుంది. అటువంటిదే అయిన ఎండీఅనాలిసిస్ ఆంగ్‌స్ట్రామ్‌లలో ఇస్తుంది. రెండూ వాడేవాళ్లు ప్రోగ్రాము మొదటి వరుసలోనే కొలమానం రాసి పెట్టుకోవడం మంచిది. ఇక సిమ్యులేషన్‌లో ప్రోటీన్‌ను ఉంచే నీటి పెట్టె అంచు దాటి గొలుసు అటు పక్కన తేలితే, దాన్ని మళ్లీ కలపకుండా లెక్కిస్తే ఉన్నట్టుండి సరిహద్దు కాంటాక్టులన్నీ మాయమవుతాయి. ప్రతి ఫ్రేములోనూ అవును, కాదు అని తేల్చే బదులు 2013లో బెస్ట్, హమ్మర్, ఈటన్ వాడినటువంటి మెత్తని హద్దు, అంటే దూరం పెరిగేకొద్దీ ఒకటి నుంచి సున్నాకు మెల్లగా జారే సూత్రం, ఊగిసలాడే జంటల విషయంలో నయం.

కంప్యూటరు ఊహించిన నిర్మాణాలు ఉండే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ నుంచి నిర్మాణం తీసుకుంటే సరిపోతుందా అని కూడా అడిగారు. మీ పనికి సరిపోదు. ఆ డేటాబేస్‌లోని హీమోగ్లోబిన్ నిర్మాణాల్లో ఒక్కో గొలుసు విడిగా ఉంటుంది, హీమ్ ఉండదు, ఆక్సీనా డీఆక్సీనా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. బీ-ఫ్యాక్టర్ ఉండే చోట అక్కడ నమ్మక స్థాయి అంకె ఉంటుంది, ఎక్కువైతే మంచిది, అంటే అర్థం తలకిందులు. అంకెల వరుస కూడా మారుతుంది. జన్యువు చెప్పే వరుసలో మొదటి మెథియోనిన్‌ను లెక్కిస్తారు, స్ఫటిక నిర్మాణాల్లో వాలీన్ నుంచి 1 మొదలవుతుంది. సికిల్ సెల్ వ్యాధిలో బీటా గొలుసులో మారే గ్లూటమిక్ ఆమ్లం ఒక చోట 6వది, ఇంకో చోట 7వది కావడానికి కారణం ఇదే.

సికిల్ సెల్ మాట వచ్చింది కనుక, కాంటాక్టులు ఎక్కడ వెతకాలన్న దానికి అదే మంచి ఉదాహరణ. 6వ స్థానంలో వాలీన్ వచ్చినందువల్ల ఒక్క హీమోగ్లోబిన్ అణువు లోపల చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించదు. డీఆక్సీ రూపంలో ఆ వాలీన్ పక్క అణువులోని బీటా గొలుసు మీద ఉన్న 85వ ఫీనైల్ అలనిన్, 88వ ల్యూసిన్‌ల గుంటలోకి దూరుతుంది, అలా అణువులు తాళ్లుగా పేనుకుంటాయి. 2హెచ్‌బీఎస్ అనే నిర్మాణంలో రెండు పూర్తి అణువులు ఉన్నాయి కనుక ఈ పట్టు అందులో కనిపిస్తుంది. స్ఫటికంలో అణువులు ఎలాగూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, వాటిలో అధిక భాగం ప్యాకింగు వల్ల వచ్చినవి, జీవక్రియతో సంబంధం లేనివి. ఈ ఒక్కటి మాత్రం నిజమైనదని నమ్మడానికి ఆధారం నిర్మాణం బయటి నుంచి, అంటే జబ్బు నుంచి, పోగుపడిన తాళ్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది.

మీ సరిహద్దు కాంటాక్టులకు కూడా అటువంటి బయటి సాక్ష్యం ఉంది, దాన్ని థీసిస్‌లో తప్పక వాడుకోండి. డీఆక్సీ రూపంలో ఆల్ఫా 42వ టైరోసిన్, అవతలి జంటలోని బీటా 99వ ఆస్పార్టిక్ ఆమ్లంతో హైడ్రోజన్ బంధం కడుతుంది. ఆక్సీ రూపంలో అది తెగి, ఆల్ఫా 94వ ఆస్పార్టిక్ ఆమ్లానికీ బీటా 102వ ఆస్పరజిన్‌కూ మధ్య కొత్తది ఏర్పడుతుంది. హీమోగ్లోబిన్ కెంప్సీ అనే రకంలో 99వది ఆస్పరజిన్‌గా మారి ఉంటుంది. డీఆక్సీ రూపం పట్టు సడలి, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని వదలదు. హీమోగ్లోబిన్ కాన్సాస్‌లో 102వది త్రియోనిన్‌గా మారి ఉంటుంది. అక్కడ ఆక్సీ రూపం పట్టు పోయి ఆక్సిజన్ తొందరగా జారిపోతుంది. కాంటాక్ట్ పోతే పని ఏమవుతుందో ప్రకృతే చేసి చూపించిన ప్రయోగాలు ఇవి.

కాబట్టి ఈ వారంలో ఇలా చేయండి. 1హెచ్‌హెచ్‌ఓ అసెంబ్లీ ఫైలు దించి, 574 రెసిడ్యూలు వచ్చాయని చూసుకుని, రెండు నిర్మాణాల్లోనూ నాలుగు జంటల కొస దూరాలు మాత్రం కొలవండి: బీటా 146కూ బీటా 94కూ, బీటా 146కూ ఆల్ఫా 40కూ, ఆల్ఫా 42కూ బీటా 99కూ, ఆల్ఫా 94కూ బీటా 102కూ. మొదటి మూడు డీఆక్సీలోనే, నాలుగోది ఆక్సీలోనే కలిసి ఉండాలి. వీటిలో మొదటిదాన్ని తప్పిస్తే మిగిలిన మూడూ జంటల మధ్యవి, మీ పాత సగం ఫైలులో ఎంత వెతికినా దొరికేవి కావు. ఆ నాలుగూ సరిగా వస్తే ప్రోగ్రాము సరిగ్గా ఉన్నట్టే. అప్పుడు 4, 4.5, 5 మూడు హద్దులతోనూ పూర్తి జాబితా తీసి, మూడింటిలోనూ నిలబడిన మార్పులను ఒక పట్టికగా, ఒకటి రెండింటిలోనే కనిపించినవాటిని వేరే పట్టికగా వేసి, గైడు గారి బల్ల మీద రెండూ పెట్టండి. రాకపోతే ఆ నాలుగు దూరాలూ, గొలుసుల పేర్లూ ఇక్కడ రాయండి, ఎక్కడ తప్పిందో చూద్దాం.